తాళంచెవి లేని కారుకు పనిముట్ల సంచి

మార్చి 1, ఆదివారం. సాయంత్రం 5:20

నాలుగు గంటలు కాదు. రెండు గంటల నలభై నిమిషాలు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మావాడు వాళ్ల మామగారికి ఆ కథ మళ్లీ చెప్పాడు. మా అమ్మ జనవరిలో నాలుగు గంటలు నడిరోడ్డు మీద ఇరుక్కుపోయిందండీ అని, నేను ఎదురుగా కూర్చుని ఉండగానే. కిందటి వారం పక్క ఫ్లాటాయనకు మూడు గంటలని చెప్పాడు. ఇదే వేగంతో పోతే వేసవికల్లా నేను హైవే మీద కాపురం పెట్టినట్టు చెప్తాడు.

తెగింది ఫ్యాన్ బెల్టు. నా దగ్గర స్పేర్ లేదు. అది నా తప్పు, ఒప్పుకుంటాను. ఆ సాయంత్రమే కారు తాళంచెవి వాడి ఆఫీసు బ్యాగు లోపలి జేబులోకి పోయింది. ఇవాళ్టికి నలభై తొమ్మిది రోజులు.

వియ్యంకుడుగారు, ఈ వయసులో మనకు కారెందుకు చెల్లెమ్మగారూ, అన్నారు. ఆయన నాకంటే మూడేళ్లు పెద్ద, స్కూటర్ మీద వచ్చారు. మరి మనకు స్కూటరెందుకు అన్నయ్యగారూ, అని అడిగాను. మంచినీళ్లు తాగారు.

జనవరిలో ఆ రోజు చెల్లెలి దగ్గరికి బయల్దేరాను. దానికి కళ్లు పోతున్నాయి. వేసవి దాటితే వెలుగూ నీడా తప్ప ఏమీ కనపడవని డాక్టర్ చెప్పేశాడు. అక్కా, చూపుండగా ఒక్కసారి నీ కారులో ఆ కొండ దారంతా తిప్పు, మలుపులన్నీ చూడాలి, అంది. మేమిద్దరం డ్రైవింగ్ నేర్చుకున్నది ఆ దారిలోనే, ఈ కారులోనే. మావాడు టాక్సీ పిలుస్తానంటాడు. టాక్సీవాడు మలుపు మలుపుకీ ఆగుతాడా?

అదే మళ్లీ అడిగాను. మామగారి ముందు పరువు కోసమో ఏమో, వాడు ఒక షరతు పెట్టాడు. బండి ఎక్కడ ఆగినా, ఎవరికీ ఫోన్ చేయకుండా, నీ చేతులతో నువ్వే బాగుచేసి ఇంటికి తెచ్చుకోగలవని రుజువు చెయ్యి, తాళం నీది, అన్నాడు. పదిహేనో తారీఖు ఆదివారం పరీక్ష. మెకానిక్ వచ్చి నాకు తెలియకుండా ఏదో ఒకటి చెడగొడతాడు. గంట టైము.

నాకు పరీక్ష! ముప్పై రెండేళ్లు ఫిజిక్స్ చెప్పినదానికి.

మార్చి 2, సోమవారం

కారు చావడానికి కారణాలు నాలుగే. స్పార్క్ రాకపోవడం, పెట్రోలు అందకపోవడం, వేడి దిగకపోవడం, టైరులో గాలి పోవడం. మనుషుల చావుల్లో ఉన్నంత వెరైటీ లేదు. అందుకని సంచి కూడా ఈ నాలుగు లెక్కలతోనే సర్దుతాను.

జవాబు పత్రాలు మోసిన కాన్వాస్ సంచి అటక మీంచి దింపించాను. పెట్టె వద్దు. పెట్టె డిక్కీలో దారి పొడుగునా లొడలొడలాడుతుంది. మా ఆయనకు డ్రైవింగ్ రాదు కానీ ఆ చప్పుడంటే ఒళ్లు మంట. ముప్పై ఏళ్లు పక్క సీట్లో కూర్చుని, లేని బ్రేకు తొక్కుతూనే పోయాడు మహానుభావుడు.

పాత తువ్వాలుకు వరసగా జేబులు కుట్టాను. ఒక్కో జేబులో ఒక్కో స్పానర్.

మార్చి 4, బుధవారం

పార్కింగ్‌లో కారు కవరు తీసి ఇరవై నిమిషాలు లోపల కూర్చుంటే, వాచ్‌మన్ మావాడికి ఫోన్ చేసి చెప్పాడు. కదలని కారులో కదలని ముసలమ్మ, ఎంత ప్రమాదం!

మార్చి 5, గురువారం

మావాడు ఆన్‌లైన్లో కిట్ తెప్పించాడు. ఎర్ర ప్లాస్టిక్ డబ్బా, నూట నలభై రెండు ముక్కలు. అమ్మా, ఇక నువ్వు ఏరుకోనక్కర్లేదు, ఇందులో అన్నీ ఉన్నాయి, అన్నాడు. ముఖం వెలిగిపోతోంది. ప్రేమ లేదనను. వాడి ప్రేమ ఎప్పుడూ సీలు వేసిన డబ్బాలోనే వస్తుంది, అంతే.

నూట నలభై రెండులో ఒక్కటీ పట్టదు. అవన్నీ మిల్లీమీటర్లు. నా కారు అంగుళాల కాలంలో పుట్టింది. అర అంగుళం నట్టుకు పదమూడు నంబరు స్పానర్ పట్టినట్టే ఉంటుంది, బిగువుగా తిప్పగానే జారి అంచులు తినేస్తుంది. దగ్గర దగ్గరగా సరిపోయేదే ఎక్కువ పాడుచేస్తుంది. ఆ మాట వాడికి చెప్పలేదు. టార్చిలైటు ఒక్కటి ఉంచుకుని డబ్బా వెనక్కి ఇచ్చాను. ముఖం ఆరిపోయింది.

కోడలు పళ్ల డాక్టరు. రాత్రి వంటగదిలో, అత్తయ్యా, ఇది పనికొస్తుందేమో చూడండి, అని నోట్లో పెట్టి చూసే చిన్న అద్దం ఇచ్చింది. ఇంజిన్ వెనకాల, చెయ్యి పట్టని సందుల్లోకి అంతకంటే మంచి పనిముట్టు ఏ షాపులోనూ దొరకదు. దాంతోపాటు చేతి తొడుగులు యాభై. మీ అబ్బాయికి చెప్పకండి, పరీక్షలో కాపీ అందించానంటారు, అంది. ఈ ఇంట్లో నాకు తోటి ఖైదీ ఉందని ఇవాళ తెలిసింది.

మార్చి 8, ఆదివారం

మెకానిక్ సామాన్లు తెచ్చాడు. నా దగ్గర ఫిజిక్స్‌లో రెండుసార్లు తప్పాడు, అందుకే ఈ వృత్తిలో పైకొచ్చానంటాడు. ఫ్యాన్ బెల్టు, రేడియేటర్ గొట్టం, స్పార్క్ పుట్టించే పాయింట్లు, వాటికి తోడుండే కండెన్సర్, ప్లగ్గులు, ఫ్యూజులు. కొత్తవన్నీ సంచిలో పెట్టేసుకోండి మేడమ్, అన్నాడు.

వద్దు, కొత్తవి కారుకు బిగించు, నడుస్తున్న పాతవి విప్పి సంచిలో పెట్టు, అన్నాను. కొత్త పార్టు పనిచేస్తుందో లేదో ఆ డబ్బాకు కూడా తెలియదు. పాతది పనిచేసినట్టు నాకు తెలుసు. వాడు తల గోక్కుని, సంచి నిండా చెత్త చూసి సార్ నవ్వుతారు మేడమ్, అన్నాడు. నవ్వనీ.

సార్ నవ్వాడు.

మార్చి 9, సోమవారం. మధ్యాహ్నం 3

ఇంట్లో ఎవరూ లేరు. ఒక మాట రాసి పెట్టుకోవాలి.

ఆ జనవరి రోజు మావాడు ముప్పై ఒక్కసార్లు ఫోన్ చేశాడు. ఫోన్ డిక్కీలో బ్యాగులో ఉండిపోయింది, వినపడలేదు, అని చెప్పాను. అబద్ధం. ఫోన్ నా ఒళ్లోనే ఉంది. ప్రతిసారీ వాడి పేరు వెలిగింది, ఆరింది. ఎత్తితే వచ్చేస్తాడు. వచ్చి, నన్ను వాడి కారులో ఎక్కించుకుని, నాది తాడు కట్టి లాగిస్తాడు. ఆ తర్వాత ఇంకెప్పుడూ... అని ఎత్తలేదు. ఎవరో లారీ ఆయన పాత బెల్టు ఒకటి ఇస్తాడన్న ఆశతో కూర్చున్నాను. చివరికి ఇచ్చాడు కూడా.

ఇంటికొచ్చేసరికి మావాడు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. రెండు ఆసుపత్రులు వెతికి వచ్చాడు.

ఎత్తితే ఏం జరుగుతుందని భయపడ్డానో, ఎత్తనందుకు అదే జరిగింది.

మార్చి 11, బుధవారం

చక్రం నట్టు ఊడదీయడం ప్రాక్టీసు. ఒక్కటి కూడా కదల్లేదు. ఎప్పుడో ఎవడో గాలి మెషీన్‌తో బిగించాడు. స్పానర్‌కు రెండడుగుల ఇనప గొట్టం తొడిగి, దాని చివర కాలు పెట్టి నిలబడ్డాను. లీవర్ పాఠం ఎన్నేళ్లు చెప్పానో, నా యాభై రెండు కిలోలు ఒక రోజు ఇలా పనికొస్తాయనుకోలేదు. కీచుమని ఊడింది. నడుములో కూడా ఏదో కీచుమంది.

గొట్టం సంచిలోకి. నడుము సంగతి ఎవరికీ చెప్పకూడదు.

మార్చి 12, గురువారం

వంగలేను. కోడలు చూసింది, అడగలేదు, వేడినీళ్ల బ్యాగు మంచం మీద పెట్టి పోయింది.

మార్చి 15, ఆదివారం. సాయంత్రం 4

మొత్తం రాస్తాను. చేతులకు ఇంకా గ్రీజు ఉంది.

పది గంటలకు పరీక్ష. మావాడు తాళం ఇచ్చి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, ఇన్విజిలేటర్ లాగా. వియ్యంకుడుగారు కూడా వచ్చారు, చూడ్డానికి. సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరుగుతోంది, అంటుకోవడం లేదు. పెట్రోలు వస్తోంది. స్పార్క్ లేదు. ప్లగ్గులకు స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీశాను. పాయింట్లు మామూలుగానే ఉన్నట్టున్నాయి. కోడలి అద్దం లోపలికి పెట్టి చూస్తే, రెండు పాయింట్ల మధ్య సన్నగా తెల్లటి అంచు. కరెంటుకు అడ్డంగా క్యాలెండర్ కాగితం ముక్క! మెకానిక్ నేల చూపులు చూస్తున్నాడు. పదిహేడు నిమిషాలు. రెండుసార్లు తప్పినవాడు ప్రశ్నపత్రం బాగా తయారుచేశాడు, అన్నాను. వియ్యంకుడుగారు చప్పట్లు కొట్టారు. మావాడు కొట్టలేదు. బ్రిడ్జి దాకా పోయి వద్దాం, నేనూ వస్తా, అన్నాడు.

రెండు నెలల తర్వాత స్టీరింగ్. దాని గురించి రాయను.

తిరుగు దారిలో, బ్రిడ్జి దిగుతుండగా, కారు దగ్గింది, ఎగిరింది, చచ్చింది. ఇది పరీక్ష కాదు. నిజంగానే చచ్చింది. వెనక హారన్లు. వాడు ఫోన్ తీశాడు. అమ్మా, ఇది సిలబస్‌లో లేదు, మెకానిక్‌ని పిలుస్తా, అన్నాడు. ఎవరికీ ఫోన్ చేయకుండా అన్నది నువ్వేరా, అన్నాను. ఫోన్ జేబులో పెట్టి, దిగి, కారును పక్కకు తోశాడు. ఆ తర్వాత ఎండలో నా తల మీద గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. హారన్ మోగినప్పుడల్లా గొడుగు నా మీదికి ఇంకాస్త వంచాడు.

స్పార్క్ ఉందా అంటే ఉంది, పసుపుపచ్చగా, జ్వరం పడ్డట్టు. పాయింట్ల దగ్గర మాత్రం నీలంగా చిటపటలు. అంటే, కొత్త కండెన్సర్ వారానికే పోయింది. సంచిలోంచి పాతది తీశాను, సార్ నవ్విన చెత్త. ఒక స్క్రూ, ఒక వైరు. వేళ్లు మాట వినక ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. కారు అంటుకుంది.

ఇంటికొచ్చాం. పార్కింగ్‌లో దిగుతూ, వాడు అలవాటుగా తాళం తీసి జేబులో వేసుకున్నాడు.

మార్చి 16, సోమవారం

అడిగాను. పాసయ్యానా లేదా?

కారుకైతే సంచి ఉందమ్మా, నీకేమన్నా అయితే ఆ సంచిలో ఏముంది, అన్నాడు.

సంచి విప్పి చూశాను. స్పానర్లు, గొట్టం, బెల్టు.

మార్చి 18, బుధవారం

చెల్లెలు ఫోన్ చేసింది. ఎదురింటి గేటు రంగు ఇప్పుడు తెలియడం లేదట. మామూలుగానే చెప్పింది, కూరగాయల ధర చెప్పినట్టు.

కిటికీలోంచి పార్కింగ్ వాలు కనపడుతుంది. నా దారి అక్కడివరకే.

మార్చి 20, శుక్రవారం. సాయంత్రం 7

చెప్పేశాను. కోడలు క్లినిక్‌లో ఉంది. వాడు టీవీ చూస్తున్నాడు. టీవీ ఆపి, రెండు మాటలున్నాయి, అన్నాను.

మొదటిది, ఆ రోజు ఫోన్ నా ఒళ్లోనే ఉంది. ముప్పై ఒక్కసార్లూ చూశాను.

రెండోది, ఆ కారు తలుపు తాళం పనిచేయక పదిహేనేళ్లయింది. బ్యాటరీ నుంచి స్పార్క్ కాయిల్‌కు ఒక వైరు పెడితే తాళంచెవి లేకుండానే స్టార్ట్ అవుతుంది. ఆ వైరు పెట్టడం నాకు నువ్వు పుట్టకముందు నుంచీ వచ్చు. ఇన్నాళ్లూ నన్ను ఆపింది నీ బ్యాగు జేబు కాదురా. దొంగలా వెళ్లడం ఇష్టం లేక ఆగాను. నువ్వు ఇస్తే వెళ్దామని ఆగాను.

వాడు రిమోట్ బల్ల మీద పెట్టాడు. తర్వాత, ఆసుపత్రిలో గుర్తు తెలియని ఒక ఆడమనిషి ముఖం మీద దుప్పటి తీసి చూడమన్నారు నన్ను, అన్నాడు. అది ఇంతవరకూ నాకు చెప్పలేదు. లేచి గదిలోకి పోయి తలుపేసుకున్నాడు.

క్షమించమని తలుపు ఇవతల నుంచే చెప్పాను. వినపడిందో లేదో.

మార్చి 21, శనివారం

వాడు గదిలోనే తిన్నాడు. సంచిలో మందుల చీటీ, బ్లడ్ గ్రూపు, వాడి నంబరు రాసిన అట్ట, ఫోన్ చార్జరు పెట్టాను. ఎందుకు పెట్టానో తెలియదు, కారు నాది కాకుండా పోయాక.

మార్చి 22, ఆదివారం. ఉదయం 5:50

సంచి మీద తాళంచెవి. దానికి రబ్బరు బ్యాండుతో ఒక కాగితం. వాడి రాత:

అమ్మా, పిన్ని దగ్గర్నుంచి వస్తూ వస్తూ మూలమీది లాండ్రీలో ఆగు. రసీదు వెనకాల ఉంది. షాపు ఏడింటికి మూస్తారు, అంతకంటే లేటయితే ఫోన్ చేసి చెప్పు. నావి చొక్కాలు రెండు, నీ కోడలిది తెల్లకోటు ఒకటి. కోటు జేబు కుట్టారో లేదో అక్కడే విప్పి చూసి తీసుకో.