టాక్సీకి పలుపు

నాయనా సుబ్బయ్యా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ టాక్సీ అమ్మేశాను. ఇంకా వాయిదాలు కట్టాలి, అదేమో సగం రోజులు స్టార్టే కాదు. మెకానిక్కు మస్తాను చెప్పాడు, "ఇంజను విప్పితే ఇంకో అప్పవుద్ది పిన్నమ్మా. అమ్మితే ఉన్నదన్నా తీరిద్ది." నాకు బాగుచేయించాలనే ఉండింది. "నడిపేదెవరు?" అన్నాడు మీ నాన్న.

ప్రత్తిపాడు నుంచి ఒకాయన వచ్చి కొన్నాడు. గేదెను అమ్మినా పలుపు మన దగ్గరే ఉంచుకుంటాం కదా, అట్లాగే బండి ముందు పెట్టి తిప్పే హ్యాండిలు తీసుకెళ్ళి లోపల దాచాను. "అది లేకపోతే స్టార్టు చేసేదెట్టాగమ్మా? ఇదేమన్నా గేదా?" అని ఆయన నవ్వాడు. మస్తానూ నవ్వాడు. నువ్వైతే వారం రోజులు ఊరంతా చెప్పుకుని నవ్వేవాడివి.

తెచ్చి ఇచ్చాను. ఇచ్చేముందు, చెయ్యి ఒరుసుకుపోకుండా నువ్వు దానికి చుట్టుకున్న గుడ్డ విప్పుకున్నాను. నా పాత చీర ముక్కే అది. చాలాసార్లు తిప్పాక బండి స్టార్టయింది. ఆ చప్పుడికి అలవాటుగా గుమ్మంలోకి వచ్చి, "మెల్లిగా పోరా" అన్నాను. ఆయన నావంక చూసి, "అట్లాగేనమ్మా" అన్నాడు.

గుడ్డ కొట్టంలో పాత పలుపుల పక్కన తగిలించాను. ఉతకలేదు.

మీ అమ్మ