పరుపుల అడుగున ఫిల్మ్

చిరంజీవి ఎల్దియార్‌కు నాన్న దీవెనలు.

గొర్రెలు ఈనాయి, ఇంట్లో అందరం లేచి తిరుగుతున్నాం. బిష్కెక్ ఆసుపత్రిలో వేళకు తిండి పెడుతున్నారని రాశావు, మీ అమ్మ మనసు కుదుటపడింది. టాక్సీ నడిపే సాగిన్ చేత ఎండు పెరుగు కురుత్ ఉండలు పంపుతోంది. నీ గుర్రం సంగతి అడిగావు. బాగానే ఉంది, మేతే సరిగ్గా ముట్టడం లేదు.

గురువారం ఆపరేషన్ అనీ, మోకాలిలో చిరిగిన గుజ్జు కుట్టేస్తే వచ్చే చలికాలానికి మళ్ళీ గుర్రమెక్కి కోక్‌బోరు ఆడతాననీ రాశావు. పాత దెబ్బ ఏమైనా ఉందా అని సర్జన్ అడిగితే, పోయిన ఆకురాలు కాలంలో తీసిన ఎమ్మారై బాగానే వచ్చిందని చెప్పావట. నీకలా చెప్పింది నేనే.

బాబూ, అది అబద్ధం. నిజం చెబుదామని రెండుసార్లు ఫోన్ చేశాను. నీ గొంతు వినగానే గొర్రెల సంగతి మాట్లాడి పెట్టేశాను.

ఆ ఎమ్మారై ఫిల్మ్ తేవడానికి నేనొక్కడినే వెళ్ళాను కదా. డాక్టరమ్మ దాన్ని వెలుతురుకు పట్టి, "ఎక్స్‌రేలో ఎముక బాగుందని మురిసిపోకండి. లోపల లిగమెంట్ పూర్తిగా తెగింది. ఏడాదిపాటు గుర్రం ఎక్కనివ్వకండి. ఎక్కాడంటే ఆ మోకాలు మిగలదు" అంది.

ఇంటికొచ్చేసరికి వాకిట్లో ఊరి పెద్దలు. అప్పటికే చలికాలపు ఆటలకని నీకూ గుర్రానికీ దీవెన ఇచ్చేశారు. ముసలి జాపార్, "ఏరా తోక్తోసున్, మీవాడు మేక కళేబరాన్ని ఏ కాలి కింద నొక్కిపెడతాడో చూడాలిరా!" అని నవ్వాడు. ఇచ్చిన దీవెనను వెనక్కి పంపే మొహం మన ఊళ్ళో ఎవరికుంది? నేనూ దీవెన అందుకున్నట్టు చేతులు చాచి మొహం తుడుచుకున్నాను. ఫిల్మ్ పరుపుల దొంతర అడుగున దూర్చాను. మొన్న నవ్రూజ్ పండగ ఆటలో నువ్వు పడ్డప్పటినుంచి మీ అమ్మ పరుపులు దించినప్పుడల్లా అడుగు పరుపు దగ్గరికి నేనే ముందు వెళ్తున్నాను.

ఫిల్మ్ ఈ కవరులోనే ఉంది. చదవడం ఆపి, ముందు సర్జన్ చేతికివ్వు. అంతా కొత్త దెబ్బే అనుకుని కుడితే ఏమవుతుందో నాకు తెలియదు. గురువారంలోపు చేరుతుందో లేదో అంతకన్నా తెలియదు. కనుమ మీద మళ్ళీ మంచు పడుతోందని సాగిన్ గొణుగుతున్నాడు.

ఆ రోజు డాక్టరమ్మ ఇంకో మాట అడిగింది. "మీ గుర్రం కాలు ఇలా ఉంటే మైదానంలోకి దింపుతారా?"

"గుర్రాన్నా! ఎవడైనా దింపుతాడా డాక్టరమ్మా!" అని నవ్వాను.

తెల్లారి నిన్ను చంకల కింద పట్టి జీనెక్కించింది నేనే.

ఇట్లు,
నీ నాన్న
తోక్తోసున్