పొద్దుటి ఆయా కోసం వెళ్తున్నాను

చెల్లీ, అన్నం మెత్తగా కలిపి డబ్బాలో పెట్టాను. ఒంటిగంటలోగా వృద్ధుల హోముకి తీసుకెళ్లి అమ్మకు నాలుగు ముద్దలైనా తినిపించు. మూడు రోజులుగా ఎవరు పెట్టినా మొహం తిప్పుకుంటోంది.

"ఏమే ముసల్దానా, నోరు తెరువ్" అంటోందని పొద్దుటి ఆయా మీద ఫిర్యాదు పెట్టి, ఆఫీసు గదిలో బల్ల గుద్ది, ఆమెను పనిలోంచి తీయించింది నేనే. నిన్న అమ్మ అడిగింది: "నాతో పోట్లాడే పిల్లను ఏం చేశావే? వీళ్లంతా అమ్మగారూ అమ్మగారూ అంటుంటే గోడమీద ఫొటోనైపోయినట్టుంది." ఫిర్యాదు పెట్టేముందు "ముందు అమ్మనడుగక్కా" అని నువ్వంటే నీ మీద కూడా లేచాను. తప్పు నాదే.

ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాను. హోములో వంటమనిషి ఆయా ఇంటి గుర్తులు చెప్పింది. ఆయాను బతిమాలి తీసుకురావడానికి వెళ్తున్నాను.

అక్క

పనివాళ్ల తరఫున ఇరవయ్యేళ్లుగా అరుస్తున్నాను కదా, ఈమె పేరు నాకు తెలియదే. ఫిర్యాదులోనూ రాయలేదు. అమ్మనడిగి వెంటనే ఫోన్ చెయ్యి.