మూడో వరుసలో కూర్చున్నదాన్ని

దేవదానం బావకు,

నీ తమ్ముడి భార్యను రాస్తున్నా. వందనాలు ఆదివారం చర్చిలోనే చెప్పినాను, మళ్లీ చెప్పబుద్ధి కావడం లేదు.

ఆరోజు మైకు పట్టుకొని సాక్ష్యం చెప్పినావే, రొయ్యల గుంట ఉప్పునీళ్లు పక్కవాళ్ల మడిలోకి వదిలినానని, ప్రభువు నా పాపం కడిగేసినాడని, ఎంత బాగా ఏడ్చినావు బావా! పాస్టరుగారు నీ తలమీద చెయ్యి పెట్టినారు. ఆ పక్కవాళ్లు మేమేనని మాత్రం నీ నోటికి రాలేదు. నేను మూడో వరుసలోనే కూర్చొని ఉన్నా.

ఇంటికొస్తూ మడి చూసినాను. పొట్టమీదున్న వరి ఎర్రగా మాడిపోయింది. నీ గట్టుకు కొట్టిన గండిలోంచి నీళ్లు ఇంకా పారతానే ఉన్నాయి.

నీతిగా బతకాలని ఆకలిగా ఉందంటివి, మూడు దినాలు ఉపవాసముంటానంటివి. కడుపు మాడ్చుకోవాల్సిన పని లేదు, పార పట్టుకొని రా చాలు. ఈ ఆదివారం ప్రభువు బల్ల. బల్ల దగ్గర పాస్టరుగారు పంచే రొట్టెకు చెయ్యి చాపేముందు ఆ గండి పూడ్చు.

అందరితోపాటు నేనూ హల్లెలూయా అన్నాను. ఆ సిగ్గుతోనే వారమంతా నాకు కూడు సయించలేదు. శనివారం పొద్దున గట్టుమీద ఉంటా. నువ్వు రాకపోతే నేనే పూడ్చి, ఆదివారం మైకు అడుగుతా.

నా సాక్ష్యంలో పేర్లుంటాయి.