స్టోబర్ట్ గారి బాయిలర్, హెస్లప్ గారి తలనొప్పి

హెదర్‌లా, డరమ్ జిల్లా
నవంబరు 4, 1997

బాయిలర్ కంపెనీ ఫిర్యాదుల విభాగం వారికి,

మురియెల్ స్టోబర్ట్ రాయడం ఏమనగా, ఇక్కడ క్షేమమని రాయడానికి వీల్లేకుండా చేశారు మీరు.

పోయిన మంగళవారం మీవాళ్లిద్దరు వచ్చి మా వంటింటి గోడకి కొత్త గ్యాస్ బాయిలర్ బిగించి వెళ్లారు. వాళ్ల పనితనం చూసి నాకు నోట మాట రాలేదు. మధ్యాహ్నం టీ వేళకల్లా పని ముగించి చక్కా పోయారు. పెట్టె ఒక పక్కకి ఒరిగింది. చన్నీళ్ల కుళాయి తిప్పితే వేణ్ణీళ్లొస్తున్నాయి, వేణ్ణీళ్ల కుళాయి తిప్పితే గురక వస్తోంది. మేడమీద ఎవరూ పడుకోని గదిలో వెచ్చదనమిచ్చే రేడియేటర్ మీద రొట్టె కాల్చుకోవచ్చు. నేను కూర్చునే గదిలో మాత్రం కోటు వేసుకుని కూర్చుంటున్నాను. ఇరవై రెండేళ్లు బడి వంటశాలలో వందమంది పిల్లలకి వండిపెట్టాను, గ్యాసు సంగతి తెలియనిదాన్ని కాను. ఇంత అద్భుతం ఎక్కడా చూడలేదు.

నాకు ఫోను లేదు. ఉత్తరమే రాయండి.

చలికి వణికే చేత్తో,
మురియెల్ స్టోబర్ట్

తా.క. ఒక్క మేలు జరిగింది. పక్కింటి ఎర్నీ హెస్లప్ బొగ్గుగనిలో నలభై ఏళ్లు చేసి రిటైరైన మనిషి. గోడకవతల నుంచి నా మీద ఏదో ఒకటి సణగని రోజు లేదు. మీ బాయిలర్ వచ్చిన దగ్గర్నుంచి నోరెత్తడం లేదు. పగలంతా కుర్చీలో కునుకుతున్నాడు.


న్యూకాసిల్
నవంబరు 7

గౌరవనీయులైన శ్రీమతి స్టోబర్ట్ గారికి,

మీ అభినందన లేఖ అందింది. మా పనివారి పనితనానికి మీకు నోట మాట రాలేదనీ, ఇంత అద్భుతం ఎక్కడా చూడలేదనీ రాసిన వాక్యాలను మా కార్యాలయపు గోడకు అంటించాము. ఆ ఇద్దరినీ ఈ నెల ఉత్తమ పనివారుగా ఎంపిక చేయుటకు సిఫారసు చేశాము.

మీ సేవలో,
డెస్మండ్ ప్రౌడ్‌లాక్
ఫిర్యాదుల అధికారి

తా.క. రేడియేటర్ మీద రొట్టె కాల్చుకొనుట క్షేమకరం కాదని మనవి.


హెదర్‌లా
నవంబరు 10

ప్రౌడ్‌లాక్ గారికి,

నాయనా, నువ్వు ఉత్తరం మొత్తం చదువుతావా, లేక మొదటి రెండు ముక్కలు చదివి జవాబు కొడతావా? నేను రాసింది పొగడ్త కాదు, తిట్టు. మా వైపు తిట్లు ఇలాగే ఉంటాయి. ఈసారి విడమరిచి చెబుతాను. మీ బాయిలర్ పనిచేయడం లేదు. పొద్దున్నే ఈనబోయే ఆవులా మూలుగుతుంది. పది నిమిషాలు కాళ్లు తన్నుకుంటుంది. ఆ తర్వాత కడుపులోంచి గుడగుడమంటూ వేడినీళ్లు దిగుతాయి, అదీ దానికి మనసైతేనే. నాకు డెబ్బై నాలుగేళ్లు. రోజూ ఈ పురుడు పోసే ఓపిక లేదు. మనిషిని పంపు.

ఇట్లు, పొగడ్తలు పూర్తిగా మానేసిన
మురియెల్ స్టోబర్ట్

తా.క. ఎర్నీకి ఇప్పుడు తలనొప్పి కూడా పట్టుకుంది. విచిత్రం ఏమిటంటే, ఊరవతల తన ఉల్లికాడల మడి దగ్గరికి వెళితే గంటలో తగ్గిపోతుందిట. ఇంటికొచ్చి కూర్చోగానే మళ్లీ మొదలు. కడుపులో తిప్పు కూడానట. "ఇల్లే పడటం లేదు మురియెల్" అన్నాడు నిన్న. "నీ ఇల్లు నువ్వు ఎప్పుడు తుడిచావు గనక" అన్నాను.


న్యూకాసిల్
నవంబరు 12

గౌరవనీయులైన శ్రీమతి స్టోబర్ట్ గారికి,

మీ వంటింటిలో ఆవు ప్రసవించబోవుచున్నదని తెలిసి చింతిస్తున్నాము. అయితే పశువుల బాధ్యత మా కంపెనీ పరిధిలోనికి రాదు. బాయిలర్‌కు మూడడుగుల లోపల పశువును కట్టివేసినచో హామీపత్రం చెల్లదు. దయచేసి మీ ప్రాంత పశువైద్యుని సంప్రదించగలరు.

మీ సేవలో,
డెస్మండ్ ప్రౌడ్‌లాక్

తా.క. అమ్మా, ఇది చేత్తో రాస్తున్నాను. పైదంతా టైపు చేసి సంతకం పెట్టాక మీ తాజా కలం చదివాను. పైదంతా చెత్తబుట్టలో వేయండి. బాయిలర్ వెంటనే ఆపేయండి. కిటికీలు తెరవండి. హెస్లప్ గారిని ఆ ఇంట్లోంచి బయటికి తీసుకురండి, ఆయన తిట్టినా సరే. గ్యాసు ప్రమాదాలవాళ్లకి ఇప్పుడే ఫోను చేశాను. మీకు ఈ ఉత్తరం అందేలోపే వాళ్లు మీ గుమ్మంలో ఉంటారు. వాళ్లని లోపలికి రానివ్వండి. ఎవరో అమ్మేవాళ్లనుకుని తలుపు వేసేయకండి.


హెదర్‌లా
నవంబరు 20

డెస్మండ్ బాబుకి,

తలుపు వేసేశాను. నువ్వెలా కనిపెట్టావో గానీ, అమ్మేవాళ్లనే అనుకున్నాను. ఆ గ్యాసు అమ్మాయి ఉత్తరాల కంతలోంచి "అమ్మా, పక్కింటాయన ఎలా ఉన్నారో చెప్పండి చాలు" అని అరిచింది. అప్పుడు తెరిచాను.

ఎర్నీ తలుపు తీయలేదు. వెనకవైపు నుంచి వెళ్లాం. కుర్చీలో ఉన్నాడు, ఒళ్లో పేపరు, బుగ్గలు ఎర్రగా ఆరోగ్యంగా కనిపిస్తున్నాయి. పిలిస్తే పలకలేదు. ఆ అమ్మాయి, తోడొచ్చినతను కలిసి కుర్చీతో సహా పెరట్లోకి మోసుకొచ్చారు. ఆ తర్వాత ఆమె గాలిలో విషం కొలిచే మీటరు పట్టుకుని లోపలికి వెళ్లి వచ్చింది. ఆ పిల్ల మొహం నేను మర్చిపోలేను.

జరిగింది ఇదీ. మీవాళ్లు బాయిలర్ పొగగొట్టాన్ని బయటికి తీయకుండా, రెండిళ్ల మధ్య ఉమ్మడి గోడలో వాడకంలో లేని పాత పొగగూట్లోకి దూర్చి వెళ్లిపోయారు. ఆ గూటి ఇటుకలు బీటలిచ్చి ఉన్నాయి, అదీ ఎర్నీ వైపు. నా పొగంతా పదిహేను రోజులు అతనింట్లోకే పోయింది. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువుకి వాసన ఉండదట, ఆ బుగ్గల ఎరుపు కూడా దాని పనేనట. గనిలో గాలి చెడితే అందరికన్నా ముందు పసిగట్టినవాడు సొంత వంటింట్లో పసిగట్టలేకపోయాడు.

ఆసుపత్రిలో మూడు రోజులు ఆక్సిజన్ పెట్టారు. నేను పక్కనే కూర్చున్నాను. మనిషి చావు అంచున ఉంటే నేను తాజా కలంలో చమత్కారాలు రాసుకుంటున్నానే అని అదే ఆలోచన. రెండో రోజు కళ్లు తెరిచి నన్ను చూశాడు. "ముప్పై ఏళ్లుగా నీ నోటితో కానిది, బాయిలర్‌తో సాధిద్దామనుకున్నావా" అన్నాడు. అంత హాయైన తిట్టు నా జన్మలో తినలేదు. నర్సు ముందే ఏడ్చేశాను.

ఇప్పుడు ఇంటికొచ్చాడు. నా గ్యాసు ఆపేశారు కాబట్టి పగలంతా అతని ముందుగదిలో బొగ్గు పొయ్యి దగ్గరే ఉంటున్నాను. దాని పొగగొట్టం కూడా ఆ అమ్మాయి చూసి బాగుందన్నాకేలే. రోజూ ఉల్లికాడల పులుసు. కాదంటే ఊరుకోడు.

ఒక్కటి అడుగుతాను. ఆవు గురించి రాసినవాడివి, ఆ రెండు ముక్కల్లో ప్రమాదం ఎలా పట్టుకున్నావు?

దేవుడు నిన్ను చల్లగా చూడాలి, వెచ్చగా ఉంచాలి,
మురియెల్ స్టోబర్ట్

తా.క. నిన్ను నాయనా అనాలో బాబూ అనాలో తెలియడం లేదు, నీ వయసెంత? ఎర్నీ పందెం కాశాడు, ఇరవై మూడని. ఆవు ఉత్తరం చూపించాను మరి.


న్యూకాసిల్
నవంబరు 25

మురియెల్ అమ్మకి,

నా వయసు యాభై రెండు. హెస్లప్ గారు ఓడిపోయారని చెప్పండి.

ముందుగా క్షమాపణ. రోజుకి నలభై ఉత్తరాలొస్తాయి. మొదటి పంక్తులు చూసి జవాబులు కొట్టడం అలవాటైపోయింది. మీ మొదటి ఉత్తరం సరిగ్గా చదివి ఉంటే హెస్లప్ గారికి వారం ముందే ఊపిరి ఆడేది. గోడ మీది కాగితం చింపేశాను. ఆ ఇద్దరినీ పనిలోంచి తీసేశారు. వాళ్లు బిగించిన ఇళ్లన్నీ తిరిగి చూశాం. ఇంకో రెండు ఇళ్లలో తప్పు దొరికింది.

ఆ రెండింట్లో ఒకటి నాది.

మీరడిగినదానికి జవాబు కూడా అదే. ఆ ఇద్దరే మా ఇంట్లో బాయిలర్ బిగించిన సెప్టెంబరు నుంచి మా ఆవిడ నోరీన్ తలనొప్పి, కడుపులో తిప్పు అంటోంది. వాళ్ల చెల్లెలింటికి, సముద్రపు ఒడ్డుకి వెళితే గంటలో తగ్గిపోయేది. ఇంటికొచ్చి నా ఎదురుగా కూర్చోగానే మళ్లీ మొదలు. "డెస్మండ్, ఈ ఇల్లే నాకు పడటం లేదు" అంది. ఇల్లు అంటే నేనే అనుకున్నాను. తనూ అలాగే అనుకుంది పాపం. పోయిన నెల పెట్టె సర్దుకుని చెల్లెలింటికి వెళ్లిపోయింది. ఇరవై ఆరేళ్ల కాపురం, గొడవ కూడా లేదు, గుమ్మంలో ఇద్దరం మర్యాదగా వీడ్కోలు చెప్పుకున్నాం. పగలంతా ఆఫీసులో ఉండేవాణ్ని, ఇంటికొస్తే కిటికీ తెరిచి పడుకునే అలవాటు, అందుకే నాకు అంతగా సోకలేదు.

మీ తాజా కలంలో హెస్లప్ గారి మాట చదివేసరికి అది నోరీన్ గొంతులో వినబడింది. ముందు మీ ఊరి గ్యాసు ప్రమాదాలవాళ్లకి ఫోను చేశాను. తర్వాత మా ఇంటికి మనిషిని పంపమన్నాను. అతను చూసి తప్పు చెప్పాక, మూడోసారి నోరీన్ చెల్లెలింటికి చేసి, "తప్పు నాది కాదు, పొగగొట్టానిది" అన్నాను.  "బస్సు ఎన్నింటికి" అంది నోరీన్.

వచ్చే గురువారం మీ ఇంటికి మంచి మేస్త్రీ వస్తాడు. నేనూ వస్తాను, మీటరు పట్టుకుని. నోరీన్ కూడా వస్తానంటోంది, హెస్లప్ గారిని చూడాలట. ఉల్లికాడల పులుసు మా ఇద్దరికీ ఇష్టమే.

ఇకమీదట ప్రతి ఉత్తరం చివరిదాకా చదివే,
డెస్మండ్ ప్రౌడ్‌లాక్

తా.క. నిన్న నోరీన్ మళ్లీ తల పట్టుకుని కూర్చుంది.  కిటికీలు తెరిచి, మీటరు తెచ్చి గదిగదికీ తిరిగాను. ఎక్కడ చూసినా సున్నా. ఈసారి కారణం నేనేనట. ఇంత సంతోషం ఎన్నడూ ఎరగను.