ఆరని లైటు

అన్నయ్యకు,

ఫోన్లో అయితే ఇంట్లో అందరూ వింటారని ఉత్తరం రాస్తున్నాను. టైర్లలో గాలి తగ్గితే కారులో వెలిగే లైటు మూడు నెలలుగా ఆరలేదు. "సెన్సర్ పాడైందమ్మా, పట్టించుకోకండి" అన్నాడు మెకానిక్. మంగళవారం అత్తయ్యగారిని డయాలసిస్‌కి విజయవాడ తీసుకెళ్తుంటే, కరకట్ట మీద కారు ఒక్కసారిగా నది వైపు లాగేసింది. సరిగ్గా అంచున ఆగింది. దిగి చూస్తే ముందు టైరులో గాలే లేదు.

"ఏమైంది తల్లీ?" అన్నారు అత్తయ్యగారు.

"గేదె అడ్డొచ్చిందండీ" అన్నాను.

టైరూ సెన్సరూ మార్పించాక లైటు ఆరింది. అయినా గురువారం దారిలో నాలుగుసార్లు దిగి టైర్లు నొక్కి చూశాను. కరకట్ట మీద ఇరవై దాటి నడపలేకపోయాను. మీ బావగారికి చెబితే నా చేత డ్రైవింగ్ మాన్పిస్తారు. అప్పుడు ఆవిడనెవరు తీసుకెళ్తారు?

శనివారం మళ్ళీ డయాలసిస్ ఉంది, పొద్దున్నే రా అన్నయ్యా. కారు నేనే నడుపుతాను, నువ్వు పక్కన కూర్చుంటే చాలు.

నీ చెల్లి