బుగ్గన ఆకు, గ్లాసులో నా వైన్

కఫాయాతె, ఆగస్టు

అమ్మా,

ద్రాక్ష కోతలు అయ్యాక కూడా ఎవరి మోజులోనో పడి ఇక్కడ ఆగిపోయానని పిన్ని అంటే నవ్వుకున్నాను గానీ, నువ్వూ నమ్మావని తెలిసి మనసు నొచ్చింది. నన్ను ఆపింది నేను చేసిన మొదటి ఎర్ర వైన్. దాని గతి ఏమవుతుందోనని ఇన్నాళ్లూ కంటిమీద కునుకు లేదు. నిన్నటితో కుదుటపడ్డాను.

మా ద్రాక్షతోట యజమాని దొన్ ఇలారియో ఒక గుక్క తాగి, "ఇది వైన్ కాదు పిల్లా, కషాయం! చవక రకంలో కలిపెయ్యండి" అన్నారు. తీరా చూస్తే ఆయన బుగ్గన ఇక్కడివాళ్లు రోజంతా నమిలే కోకా ఆకు, దాంతో సోడా ఉప్పు! అవి నోట్లో ఉంటే మంచినీళ్లూ చేదే.

"ముందు అది ఉమ్మేసి రండి" అన్నాను.

ఆయన భార్య పకపకా నవ్వి, "ఆకు నములుతూ వచ్చి నా వంటకీ ఇలాగే వంకలు పెడతారు తల్లీ, పెళ్లయిన నాటినుంచీ!" అంది.

ఆయన నోరు పుక్కిలించి వచ్చాక, నిప్పుల మీద కాల్చిన మేకపిల్ల ముక్కతో గ్లాసు అందించాను. ఈ ఎడారి కొండల ఎండకి తోలు మందమెక్కిన ద్రాక్ష కదా, ఒగరు ఎక్కువే; కొవ్వు తగిలితే మెత్తబడుతుంది. ఆయన ఖాళీ చేసి గ్లాసు మళ్లీ చాపారు. నా వైన్ విడిగా సీసాలకెక్కుతోంది.

నాన్న దగ్గు తగ్గిందా? నా ఉన్ని శాలువా బస్సులో పంపు, ఇక్కడ ఈ ఆగస్టు చలి కొరికేస్తోంది. ఒక సీసా పంపుతాను, మాంసం కూరి ఎంపనాదలు చేసిన రోజు తెరవండి. చేపతో మాత్రం వద్దు. నానమ్మకి ముద్దులు.

మామయ్య తన ఆఫీసులో నాకోసం చూసిన ఉద్యోగం ఇంకెవరికైనా ఇమ్మను. వచ్చే కోతలకీ నేను ఇక్కడే ఉంటాను.

నొయేలియా